హైదరాబాద్ మెట్రో, సిటీ బస్సు, ఎంఎంటీఎస్: రద్దీ, మరమ్మతులు, విస్తరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

రోజూ మెట్రోలోనో సిటీ బస్సులోనో పనికెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, కొత్తగా నగరంలో దిగినవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఏ సంస్థ తరఫునా రాసింది కాదు, టికెట్ కొని ఎక్కేవాళ్ల పక్షాన రాసింది. అందుకే అభిప్రాయం చెప్పాల్సిన చోట దాచుకోలేదు.

మెట్రోలో సాయంత్రం పూట కాలు పెట్టే సందు ఉండటం లేదు. ఇంకో మూడు బోగీలు తగిలించడానికి ఏమైంది?

స్టేషన్ల వైపు నుంచి అడ్డేమీ లేదు. వాటన్నిటినీ ఆరు బోగీల రైలు ఆగేలా కట్టారు. రైలు వచ్చి ఆగాక చూడండి, ప్లాట్‌ఫారం దాదాపు సగం ఖాళీగానే ఉంటుంది. లోటంతా రైళ్లలోనే ఉంది. మూడు కారిడార్లకూ కలిపి హ్యుందాయ్ రోటెమ్ దగ్గర తీసుకున్నవి 57 రైళ్లు. ఒక్కోదానికి మూడు చొప్పున మొత్తం 171 బోగీలు.

2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్లు మొదలైనప్పుడు ఆ రైళ్లు సరిపోయాయి. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్)–మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) వచ్చి చేరాయి. మొత్తం 69 కిలోమీటర్లయింది. ఇప్పుడు రోజుకు నాలుగున్నర నుంచి ఐదు లక్షల మంది ఎక్కుతున్నారు. రైళ్ల లెక్క మాత్రం కొన్నప్పటిదే ఇప్పటికీ నడుస్తోంది.

ఉన్న రెండు రైళ్లను కలిపి ఆరు బోగీలు చేయొచ్చుగా అని చాలామంది అడుగుతారు. చేస్తే ఫొటోలు బాగుంటాయి, జనానికి ఒరిగేదేమీ ఉండదు. నాలుగు నిమిషాలకొకటి వచ్చే మూడు బోగీల రైలు బదులు ఎనిమిది నిమిషాలకొకటి ఆరు బోగీలది వస్తుంది. గంటకు మోసే జనం మారరు, మీరు నిలబడే సమయం మాత్రం పెరుగుతుంది. రద్దీ తగ్గాలంటే కొత్త బోగీలు కొనాల్సిందే. కొన్నాక కూడా వాటిని మధ్యలో ఇరికిస్తే పని అయిపోదు. బ్రేకులు, తలుపులు, సాఫ్ట్‌వేర్ అన్నీ కొత్త పొడవుకు సరిచూడాలి, డిపోల్లో నిలిపే పట్టాలకూ అంత పొడవు కావాలి, సబ్‌స్టేషన్ల మీద పడే కొత్త లోడునూ లెక్కేయాలి.

అయితే రేపే ఆర్డరిచ్చి తెప్పించవచ్చు కదా?

మెట్రో బోగీ షోరూములో దొరికే సరుకు కాదు. టెండరు, డిజైను, తయారీ, పరీక్షలు, భద్రతా కమిషనర్ అనుమతి, ఇవన్నీ దాటేసరికి ఏళ్లు పడుతుంది. బెంగళూరు ఎల్లో లైను సంగతే చూడండి. పట్టాలు, స్టేషన్లు సిద్ధమయ్యాయి గానీ రైళ్లు రాలేదు. చివరికి 2025 ఆగస్టులో మూడంటే మూడు రైళ్లతో, 25 నిమిషాలకొకటి చొప్పున మొదలుపెట్టారు.

మనకు దగ్గర్లో తయారీ లేక కాదు ఈ ఆలస్యం. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఆల్‌స్టమ్ మెట్రో బోగీలు చేస్తోంది. శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో మేధా వాళ్ల ఫ్యాక్టరీ 2023లో మొదలైంది. ఇక్కడ ఆలస్యమైంది నిర్ణయం తీసుకోవడంలో. రైళ్లు ఎవరు కొనాలి, ఏ డబ్బుతో కొనాలి అన్న మాటే ఏళ్ల తరబడి తేలలేదు. ఎందుకు తేలలేదో కింద, మెట్రోను కట్టి నడిపిన కంపెనీ ఎల్ అండ్ టీ ప్రశ్న దగ్గర ఉంది.

మెట్రో రాత్రంతా నడిపితే ఏం పోతుంది? ఐటీ వాళ్లకు నైట్ షిఫ్టులుంటాయి కదా.

పట్టాలు పోతాయి. రాత్రి 11కి చివరి రైళ్లు టెర్మినళ్ల నుంచి బయల్దేరతాయి. అవి అవతలి కొస చేరి మియాపూర్, ఉప్పల్ డిపోలకు మళ్లేసరికి అర్ధరాత్రి అవుతుంది. పొద్దున 6కల్లా లైను మళ్లీ సిద్ధంగా ఉండాలి. చేతికి దొరికేది నాలుగైదు గంటలు. అందులోనూ మొదటి భాగం కరెంటు తీయడానికే పోతుంది. పైనున్న తీగలో పారేది 25,000 వోల్టులు. సరఫరా ఆపి, పని జరిగే చోటుకు అటూ ఇటూ తీగను భూమికి కలిపి, కాగితం మీద అనుమతి చేతికొచ్చాకే మనిషి పైకెక్కుతాడు. పొద్దున అదంతా వెనక్కి తీయాలి. మర్చిపోయిన స్పానరు ఒక్కటి పట్టాల మీద ఉన్నా మొదటి రైలు కదలకూడదు.

ఆ మిగిలిన సమయంలో పట్టాలను అల్ట్రాసోనిక్ పరికరంతో వెతుకుతారు, కంటికి కనపడని పగుళ్లు లోపలుంటాయి కాబట్టి. మలుపుల దగ్గర పట్టా లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. అక్కడ గ్రీజు సరిగా అందుతోందో లేదో చూస్తారు. మలుపులో మీకు వినపడే కీచుమన్న చప్పుడు ఆ అరుగుదలదే.

ఇంకో చప్పుడు కూడా మీరు వినే ఉంటారు: రైలు వేగం పెరిగేకొద్దీ టకటకమని తొందరగా కొట్టే శబ్దం. వానకు తడిసిన పట్టాల మీద గట్టిగా బ్రేకు పడితే చక్రం తిరగడం మానేసి జారుతుంది. జారిన చోట అర అంగుళమో అంగుళమో చదునైపోతుంది. ఇక అది తిరిగినప్పుడల్లా పట్టాను సుత్తితో కొట్టినట్టే. అలాంటి రైలును డిపోలో పిట్ లేత్ మీదికి తెస్తారు. లేత్ యంత్రం పట్టాల కింద గుంతలో ఉంటుంది. చక్రం ఊడదీయకుండానే రైలును దాని మీద నిలబెట్టి, కింద నుంచే చక్రాన్ని తిప్పుతూ పొరలు పొరలుగా చెక్కుతారు. వేడి ఇనుప చీలికలు చుట్టలు చుట్టుకుని గుంతలో పడుతుంటాయి. ఒక పక్క చెక్కితే రెండో పక్క చక్రాన్నీ అదే కొలతకు తేవాలి, లేకపోతే రైలు ఒక వైపు లాగుతుంది. చెక్కిన ప్రతిసారీ చక్రం ఆయుష్షు కొంత తగ్గిపోతుంది.

న్యూయార్క్‌లో రాత్రంతా నడుపుతారు కదా అంటారు. అక్కడ చాలా లైన్లలో నాలుగు పట్టాలున్నాయి, రెండింటి మీద పని చేస్తూ రెండింటి మీద నడుపుకోవచ్చు. మనకున్నది వెళ్లేందుకొకటి, వచ్చేందుకొకటి. నైట్ షిఫ్టు వాళ్లకు కావాల్సింది రాత్రి బస్సులు. ఆ డిమాండు ఆర్టీసీ దగ్గర గట్టిగా పెట్టాలి.

‘సాంకేతిక కారణాల వల్ల’ అంటూ మెట్రోను మధ్యలో ఆపేస్తారు. ఆ కారణాలేమిటి?

చాలాసార్లు తలుపులు. మూసుకునే తలుపులో సంచి పెట్టి ఆపిన ప్రతిసారీ తలుపు మోటారు వెనక్కి తిరుగుతుంది, తలుపు పూర్తిగా పడిందన్న సంకేతం రాకపోతే రైలు కదలదు. ఇంకొన్నిసార్లు సిగ్నలింగు. మన మెట్రోలో పక్కన దీపాలు చూసి నడిపే పద్ధతి కాదు. ప్రతి రైలూ ‘నేనిక్కడున్నాను’ అని రేడియోలో చెబుతూ ఉంటుంది, దాన్నిబట్టి వెనక రైలు ఎంత దగ్గరకు రావచ్చో కంప్యూటరు లెక్క కడుతుంది. అందుకే 90 సెకన్లకో రైలు నడపగల వ్యవస్థ అంటారు. ఏ రైలు మాటైనా ఆగిపోయిందా, అది ఎక్కడుందో తెలియదు కాబట్టి వెనకవన్నీ ఆగాల్సిందే. మీకు చిరాకే. కానీ ఆగడమే ఆ వ్యవస్థ సరిగా పనిచేస్తోందనడానికి గుర్తు.

మామూలుగా ఎవరూ పట్టించుకోని చిన్న పనులు ఎంత ముఖ్యమో 2019లో తెలిసింది. హైటెక్ సిటీ దాకా మార్చిలో తెరిచారు గానీ, దాని తర్వాత రైలు వెనక్కి తిరిగే పట్టాల ఏర్పాటు అప్పటికి పూర్తవలేదు. దాంతో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక వెళ్లిన పట్టా మీదే తిరిగి రావాల్సి వచ్చింది. మిగతా లైనులో ఎంత త్వరగా రైళ్లు నడపగలిగినా అక్కడ మాత్రం ఎదురుచూపే. కొన్ని నెలలకు రివర్సల్ ఏర్పాటు అందుబాటులోకి వచ్చాకే ఆ ముడి విడింది.

స్టేషన్ కట్టడాలకు కూడా తనిఖీలుంటాయా?

ఉండాలి, ఉంటాయి. 2019 సెప్టెంబరు 22న వాన పడుతుంటే అమీర్‌పేట స్టేషన్ కింద తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయారు. స్టేషన్ తెరిచి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత స్టేషన్లన్నిటినీ పరిశీలించారు. పట్టాలను మోసే వంతెన (వయాడక్టు) స్తంభాలు, వాటి మీద గర్డరును మోసే బేరింగులు, వాన నీరు దిగే గొట్టాలు, ఇవన్నీ రైళ్లతో సమానంగా చూసుకోవాల్సినవి. నీటి గొట్టం మూసుకుపోతే నీరు కాంక్రీటులోకి దిగుతుంది, లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చు లేస్తుంది. మీకు ఎక్కడైనా చెమ్మ మరకో, లేచిన పెచ్చో కనపడితే స్టేషన్ సిబ్బందికి చెప్పండి, పక్కనే ఉన్న పిల్లరు నంబరుతో సహా.

ఎస్కలేటర్ తరచూ ఆగిపోతుంది. రెండో వైపుదీ అంతే.

ఎర్ర బటన్ ఊరికే నొక్కేవాళ్లూ ఉన్నారు, నిజంగా చెడిపోయేవీ ఉన్నాయి. చాలాచోట్ల రోడ్డు నుంచి టికెట్లు ఇచ్చే అంతస్తు (కాంకోర్స్) దాకా ఎస్కలేటర్ కప్పు లేని చోటుకు దగ్గరగా ఉంటుంది, దుమ్మూ వానా రెండూ దానికి శత్రువులే. లిఫ్టు ఆగితే మాత్రం క్షమించకూడదు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లకు అది లేకపోతే స్టేషనే లేనట్టు.

టికెట్ ధర పెంచేది ఎవరు?

మెట్రో రైల్వేల చట్టం 2002 ప్రకారం ధరల నిర్ణయ కమిటీ వేస్తారు. దానికి అధ్యక్షత హైకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవాళ్లదో, గతంలో చేసినవాళ్లదో. మన దగ్గర ఆ కమిటీ 2023 జనవరిలో నివేదిక ఇచ్చింది, పెంపు అమలైంది 2025 మే 17న. అప్పటిదాకా కనీసం 10, గరిష్ఠం 60 రూపాయలుండేది 12, 75 అయింది. జనం గొడవ చేయడంతో వారానికే పది శాతం తగ్గించి 11, 69 చేశారు.

సిటీ బస్సుకు వేరే దారి. ఆర్టీసీ ప్రతిపాదిస్తే ప్రభుత్వం ఒప్పుకుంటుంది. 2025 అక్టోబరు 6 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు.

ఎల్ అండ్ టీ ఎందుకు తప్పుకోవాలనుకుంది? ప్రభుత్వం చేతికొస్తే మనకేంటి?

2010లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఎల్ అండ్ టీ సొంత డబ్బు, అప్పులు తెచ్చి కట్టాలి, నడుపుకోవాలి, టికెట్లతో పాటు స్టేషన్ల దగ్గర ఇచ్చిన స్థలాల్లో మాల్స్, ఆఫీసులు కట్టి రాబట్టుకోవాలి. కేంద్రం నుంచి వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (లోటు పూడ్చే సాయం) కింద 1,458 కోట్లు. లెక్క కాగితం మీద కుదిరింది. కట్టడం ఆలస్యమైంది, అనుకున్నంత మంది ఎక్కలేదు, కరోనాతో 2020 మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా రైళ్లే ఆగిపోయాయి. వడ్డీ మాత్రం ఆగలేదు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశను తీసుకోవడానికి అంగీకారం కుదిరింది: సుమారు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తికెత్తుకోవడం, వాటా కింద కంపెనీకి సుమారు 2,000 కోట్లు ఇవ్వడం.

మీకు దీనితో ఉన్న సంబంధం ఇది. నష్టాల్లో ఉండి వెళ్లిపోవాలనుకునే కంపెనీ కొత్త బోగీల మీద వందల కోట్లు పెట్టదు. ప్రభుత్వం తనది కాని దానికి కొనిపెట్టదు. ఇద్దరి మధ్య నలిగింది ఆ ఖాళీ ప్లాట్‌ఫారమే. యాజమాన్యం ఒక చేతిలోకి వచ్చాక ఆ సాకు మిగలదు. ఇక అడగాల్సింది ఒక్కటే: బోగీల టెండరు ఎప్పుడు?

బస్‌స్టాపులో అరగంట నిలబడితే ఒకే నంబరు బస్సులు రెండు కలిసొస్తాయి. ఇదేం పద్ధతి?

ముందు బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే దానికోసం ఎదురుచూసే జనం పెరుగుతారు. ఎక్కేవాళ్లు పెరిగితే ఆగే సమయం పెరుగుతుంది. వెనక బస్సుకు స్టాపుల్లో మనుషులే ఉండరు కాబట్టి త్వరగా వచ్చి దీన్ని అందుకుంటుంది. బస్సులు పది నిమిషాలకొకటి ఉన్న రూట్లో దీన్ని కంట్రోలరు సర్దగలడు. అరగంటకొకటి ఉన్న రూట్లో సర్దడానికి అసలు బస్సులేవీ?

అసలు సంగతి అదే. 2019లో ఆర్టీసీ కార్మికుల 52 రోజుల సమ్మె ముగిశాక నగరంలో వందల సర్వీసులు తగ్గించారు. తర్వాత కరోనా. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంతో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, జీరో టికెట్ కొట్టి ఇస్తారు, ఆ డబ్బు ప్రభుత్వం సంస్థకు కడుతుంది. ఎక్కేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు, బస్సులు ఆ లెక్కన పెరగలేదు. పథకం తప్పని మేమనం. ఇళ్లల్లో పనులకెళ్లే ఆడవాళ్లకు నెలకు అది మిగిల్చే డబ్బు చిన్నది కాదు. కానీ జనాన్ని పిలిచి బస్సులు పెంచకపోతే ఫుట్‌బోర్డు మీద వేలాడేది ఆ మనుషులే, తిట్లు తినేది కండక్టరు.

డిపోలో బస్సుకు ఏం చేస్తారు? రోడ్డు మీద ఆగిపోయేవి ఎందుకన్ని?

రాత్రి తొమ్మిది దాటాక బస్సులు ఒక్కొక్కటే డిపో చేరతాయి. కండక్టరు టికెట్లు కొట్టే టిమ్ మెషీను, డబ్బు అప్పగించి లెక్క చూసుకుంటాడు. డ్రైవరు లాగ్‌షీటులో ఫిర్యాదు రాస్తాడు: బ్రేకు ఎడమకు లాగుతోంది, క్లచ్ జారుతోంది, రెండో గేరు పడటం లేదు. డీజిల్ పట్టించుకుని, నీళ్ల కింద కడిగించుకుని బస్సు గ్యారేజీ గుంత మీదికి వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి సర్వీసు బయటికెళ్లాలి. ఆ లోపు ఆ మూడు మాటలకూ జవాబు దొరకాలి. రోజువారీ చూసేది కాక వారానికోసారి, తిరిగిన కిలోమీటర్లను బట్టి ఇంకోసారి లోతైన తనిఖీలుంటాయి. ఇంజను, గేర్‌బాక్సు విప్పాల్సిన పెద్ద పనులైతే ఉప్పల్ జోనల్ వర్క్‌షాపుకు.

నగరం బస్సు పాలిట శాపం. జిల్లా బస్సు గంటసేపు ఒకే గేరులో పోతుంది. సిటీ బస్సు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి వచ్చేలోపు క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతారో డ్రైవరు మోకాలిని అడగాలి. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు ఇక్కడ త్వరగా అరుగుతాయి. మామూలుగా డిపోలో కొన్ని స్పేర్ బస్సులుంచి, ఒకటి గుంత మీదుంటే ఇంకొకటి పంపుతారు. బస్సులే కొరతగా ఉంటే స్పేరు కూడా రోడ్డు మీదికి పోతుంది, వారం తనిఖీ పై వారానికి జరుగుతుంది, ఆ బస్సు ఏ వంతెన మీదో ఆగిపోతుంది. దానికి తోడు 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలు, ఆర్టీసీ బస్సులతో సహా, తుక్కుకు పోవాల్సిందే.

కొత్త ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీవేనా?

రంగు ఆర్టీసీదే, బండి చాలావరకు కంపెనీది. బస్సు కొనేది, డ్రైవరును పెట్టేది, బాగుచేసేది కంపెనీ. కండక్టరును పెట్టి, రూటు నిర్ణయించి, కిలోమీటరుకు ఇంత అని కట్టేది ఆర్టీసీ. 2019లో విమానాశ్రయ రూట్లకు తెచ్చిన 40 ఏసీ బస్సుల నుంచి ఇదే పద్ధతి. కేంద్రం తన ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించింది. 2027 నాటికి ఔటర్ రింగ్ రోడ్డు లోపల 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తిప్పాలని ఆర్టీసీ అనుకుంటోంది. అందుకు 10 కొత్త డిపోలు, చార్జింగ్ స్టేషన్లకు 392 కోట్లు కావాలని చెప్పింది. ఇందాకటి టికెట్ల పెంపుకు చూపిన కారణమదే.

లాభం స్పష్టమే: పొగ లేదు, క్లచ్ లేదు, ముందుగా పెట్టుబడి పెట్టనక్కర్లేదు. కార్మిక సంఘాల భయమూ ఉత్తది కాదు. డిపో మెకానిక్‌కు పని ఏం మిగులుతుంది, ఒప్పందం ముగిశాక సంస్థకు సొంత బస్సులు ఎన్ని ఉంటాయి అని వాళ్లు అడుగుతున్నారు. మా మటుకు, కంపెనీలకు కట్టేటప్పుడు తిరిగిన కిలోమీటర్లతో పాటు టైముకు వచ్చిందా, ఏసీ పనిచేసిందా అన్నవీ లెక్కలోకి రావాలి. ఆ లెక్క జనానికి కనపడేలా ఉండాలి.

డబుల్ డెక్కర్లు మళ్లీ ఎప్పుడు?

2023లో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చింది. వాటిని ట్యాంక్‌బండ్ చుట్టూ సరదాగా తిప్పారు. ఫ్లైఓవర్లు, కేబుళ్లు, మెట్రో గర్డర్లు దాటుకుంటూ రోజువారీ రూట్లలో అవి తిరగాలంటే కష్టమే.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు చవక, వేగం. కానీ నమ్మలేం. ఎందుకు?

దానికి సొంత పట్టాలు తక్కువ. 2003 ఆగస్టులో మొదలైనప్పటి నుంచీ లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమా మధ్య ఎక్కువ చోట్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు పోయే పట్టాల మీదే అదీ పోతుంది. వెనక సూపర్‌ఫాస్ట్ వస్తుంటే పక్కన నిలబడేది ఎంఎంటీఎస్సే. రెండో దశలో ఖర్చు మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. రాష్ట్ర వాటా బకాయిలతో అది ఏళ్ల తరబడి సాగింది. సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్ 2023 ఏప్రిల్‌లో, సనత్‌నగర్–మౌలాలి మీదుగా ఘట్‌కేసర్ రూటు 2024 మార్చిలో తెరిచారు. పట్టాలు పడ్డాయి, రైళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. మెట్రోలో ఏ జబ్బో ఇక్కడా అదే. నగరానికి ఉత్తరాన, తూర్పున ఉన్నవాళ్లకు ఇంతకంటే చవకగా ప్రయాణం ఏదీ ఇవ్వలేదు. ఇరవై నిమిషాలకో రైలు నడిపి చూస్తే తెలుస్తుంది, ఎంతమంది ఎక్కుతారో.

మెట్రో రెండో దశలో ఏముంది? నా ఏరియాకు వస్తుందా?

2024 నవంబరులో కేంద్రానికి పంపినవి ఐదు కారిడార్లు: నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం 36.8 కిలోమీటర్లు, రాయదుర్గం–కోకాపేట నియోపొలిస్ 11.6, ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట 7.5, మియాపూర్–పటాన్‌చెరు 13.4, ఎల్బీనగర్–హయత్‌నగర్ 7.1. మొత్తం 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18, అప్పులు 48, ప్రైవేటు భాగస్వామ్యం 4. మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ వైపు వెళ్లేవి వేరే ప్రతిపాదన, ఇంకో 86.1 కిలోమీటర్లు. కేంద్రం 18 శాతం మీద ఊ అంటేనే విదేశీ అప్పులకు గ్యారంటీ దొరుకుతుంది. అందుకే ఢిల్లీ సంతకం కోసం అంత ఎదురుచూపు. ఫ్లాటు అమ్మేవాళ్లు ‘పక్కనే మెట్రో’ అంటే ఈ పేరాను గుర్తు చేసుకోండి.

పాతబస్తీకి ఎందుకింత ఆలస్యం?

మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా ఉండాల్సింది ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. దారుల్‌షిఫా నుంచి శాలిబండ మీదుగా రోడ్డు ఇరుకు. వెడల్పు చేయాలంటే వందల ఇళ్లు, దుకాణాలు తీయాలి, మసీదులు, పీర్లు నిలిపే ఆశుర్‌ఖానాలు, గుళ్లు కాపాడాలి. రాజకీయంగా ఎవరూ ముట్టుకోలేదు. 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది, చదరపు గజానికి 81,000 రూపాయల పరిహారంతో 2025 మొదట్లో కూల్చివేతలు మొదలయ్యాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో స్టేషన్లు వస్తాయి. బస్సులు కదలలేని ఆ సందుల్లో మెట్రో అవసరం మిగతా అన్ని కారిడార్ల కంటే ఎక్కువని మా అభిప్రాయం. విమానాశ్రయానికి ఎప్పుడో ఓసారి వెళ్తాం, మదీనా చౌరస్తా దాటి పనికి రోజూ వెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు.

అదే డబ్బుతో బస్సులు కొంటే సరిపోదా?

రెండో దశ లెక్క ప్రకారం కిలోమీటరు మెట్రోకు దాదాపు 318 కోట్లు. బస్సు కోటిన్నర అనుకున్నా ఒక్క కిలోమీటరు డబ్బుతో 200 బస్సులొస్తాయి. వినడానికి తేలికే. కానీ బస్సు కొన్నాక దాన్ని నడపడానికి ఏటా ఖర్చు, రెండు మూడు షిఫ్టుల సిబ్బంది, డిపోకు స్థలం కావాలి. పైగా అమీర్‌పేట చౌరస్తాలో ఆ 200 బస్సులూ కార్ల వెనకే నిలబడతాయి. వాటికి ప్రత్యేక లేను ఇస్తే మాట వేరు, ఇచ్చే ధైర్యం ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు.

రద్దీ కారిడారులో మెట్రోకు సాటి లేదు. మిగతా నగరమంతా బస్సుదే. వరస మాత్రం ఇలా ఉండాలనుకుంటాం: ముందు ఉన్న మెట్రోకు బోగీలు, ఎంఎంటీఎస్‌కు రైళ్లు, నగరానికి బస్సులు. ఆ తర్వాతే కొత్త పిల్లర్లు. రిబ్బను కత్తిరించడానికి బోగీ అంత అందంగా ఉండదు, అదే చిక్కు.

స్టేషన్ నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు. ఆటో మెట్రో కంటే ఎక్కువ అడుగుతోంది.

మెట్రో లైన్లు ఎంత పొడిగించినా ఈ రెండు కిలోమీటర్ల బాధ తీరనంతకాలం జనం బైకు వదలరు. స్టేషన్ కింద పార్కింగు కొంత ఉపయోగం, దానికీ ఇప్పుడు చాలాచోట్ల డబ్బే. నాగోల్‌లో ఉచిత పార్కింగు తీసేసినప్పుడు 2024లో జనం రోడ్డెక్కారు. సరైన మందు స్టేషన్ గేటు ముందు ఆగే చిన్న బస్సు, నడవడానికి ఫుట్‌పాత్. ఉప్పల్‌లో 2023లో వచ్చిన గుండ్రటి స్కైవాక్ ఆ చౌరస్తాలో ప్రాణాలరచేత పెట్టుకుని రోడ్డు దాటే బాధ తీర్చింది. అలాంటివి ఎల్బీనగర్, మియాపూర్ లాంటి చోట్లా కావాలి.

అన్నిటికీ ఒకే కార్డు?

దేశమంతా చెల్లే ఎన్‌సీఎంసీ కార్డు అందుకే తెచ్చారు. బస్సు, మెట్రో, రైలు మూడు వేర్వేరు ఖజానాలు కావడమే అసలు అడ్డంకి. కార్డు ఒకటైనా, మెట్రో దిగి బస్సెక్కితే టికెట్‌లో తగ్గింపు రానంతవరకూ అది జేబులో ఇంకో కార్డు మాత్రమే.

ఫిర్యాదు చేస్తే ఎవరైనా పట్టించుకుంటారా?

ఎలా రాశారన్న దాన్ని బట్టి. ‘బస్సులు దారుణం’ అంటే ఎవరి టేబులు మీదా ఆగదు. బస్సయితే రిజిస్ట్రేషన్ నంబరు, రూటు, స్టాపు, సమయం రాయండి. నంబరుంటే డిపో తెలిసిపోతుంది, లాగ్‌షీటు తీస్తారు. మెట్రో అయితే బోగీ లోపల తలుపు దగ్గర ఉండే నంబరు, ఎక్కడ, ఎటు వైపు వెళ్తున్నప్పుడు. చప్పుడు గురించి అయితే ఏ రెండు స్టేషన్ల మధ్య వచ్చిందో రాయండి. ఒకే చోట ప్రతి రైల్లో వస్తే పట్టాలో లోపం, అన్ని చోట్లా ఒకే బోగీలో వస్తే చక్రంలో లోపం. ఆ ఒక్క వాక్యంతో రాత్రి పనివాళ్లకు సగం వెతుకులాట తప్పుతుంది. జవాబు రాకపోతే అదే ఫిర్యాదు నంబరుతో మళ్లీ రాయండి, కొత్తగా రాయొద్దు. పాతది పెండింగులో ఉన్నట్టు వాళ్ల రికార్డులోనే కనపడాలి.